వానకాలములో బట్టల పెట్టె: చెమ్మ, బూజు, వాటి నివారణ



శ్రావణ మాసములో జంధ్యాల పౌర్ణమికి కట్టుకొందామని పెట్టె తెరచి పట్టుచీర తీయగా, మడత మడతకు నల్లని చుక్కలు కనబడినవని మన పద్మనగర్, కామత్‌ఘర్ ఇండ్లలో ఎందరో తల్లులు చెప్పగా విన్నాను. చీర పెట్టెలోనే ఉన్నది, ఎవరూ ముట్టలేదు, నీరు పడలేదు. మరి ఎట్లు చెడినది? ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాడు ఇంటి బట్టనేగాక మగ్గము మీది సరుకును కూడ కాపాడుకొనలేడు. నాకు ఈ సంగతి నష్టపడిన తరువాతనే తెలిసినది గనుక, ముందు ఆ నష్టము సంగతి చెప్పెదను.

ఒక ఏడాది ఆషాఢములో మా సంఘపు సరుకు గదిలో 60 తానుల కోరా గుడ్డ నిలువ యుండెను. బయట ముసురు పట్టినది. సరుకు తడియునేమోనని భయపడి, తానులన్నిటిని గోడకు ఆనించి పేర్చి, పైన ప్లాస్టిక్ పట్టా గట్టిగా కప్పి, కిటికీ మూసి, తలుపునకు తాళము వేసినాను. మంచి పని చేసితినని తృప్తిపడినాను. మూడు వారములకు వ్యాపారి మనిషి వచ్చి పట్టా తీయగా ముక్కిన వాసన గుప్పుమన్నది. గోడ ప్రక్క వరుస, అడుగు వరుస కలిసి 19 తానులకు బూజు పట్టినది. ఆ తానులను వ్యాపారి త్రోసివేసినాడు. పండుగ ముందు ఆరు ఇండ్లకు కూలి డబ్బు ఆలస్యమైనది. ఆ ఇండ్లవారికి నేనేమి చెప్పగలను? అప్పుడు ఆసు పోసే ఒక అవ్వ వచ్చి ఆ తానులు చూచి, "ఏం బిడ్డా, అన్నం మూతబెట్టి మూడ్రోజులుంచితే పాసిపోదా? బట్టకు మాత్రం ఊపిరాడొద్దా?" అన్నది. నేను కాగితములలో చదివినదంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది.

కాబట్టి ఈ పాఠములో చెప్పదలచినది ఒక్కటే. భివండీలో బట్టను మూసిపెట్టుట రక్షణ కాదు. ఆరబెట్టి, గాలి తగులునట్లు పెట్టుటయే రక్షణ.

మన ఊళ్ళు వేరు, ఈ ఊరు వేరు

మనలో పెక్కుమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములవారము. అక్కడ ఎండ ఎక్కువ, వాన తక్కువ. అక్కడి నేతగానికి గల బాధ పొడి గాలి. పొడి గాలికి పడుగు పోగు తెగును. అందుచేతనే మన పెద్దలు గుంట మగ్గము వేసినారు. గుంటలోని మట్టి చెమ్మ పడుగునకు తగిలి పోగు మెత్తగా ఉండును. పేక కండెలను తడిపి నేసినారు. పెట్టెలోని బట్టకు వారు భయపడినది దుమ్మునకు, చిమ్మటకు, చెదకు మాత్రమే. అందుకు గట్టిగా మూత వేసిన భోషాణము సరిపోయినది. షోలాపూర్ వెళ్ళిన మన బంధువులకును దాదాపు అదే వాతావరణము.

భివండీ కొంకణములోనిది. కామ్‌వారీ నది ఒడ్డున, సముద్రపు గాలి తగిలే చోట ఉన్నది. జూన్ రెండవ వారము మొదలు సెప్టెంబరు చివరి వరకు నైరుతి వానలు. ఈ నాలుగు నెలలలో ముంబయి ప్రాంతమున 2000 మిల్లీమీటర్లకు మించి వాన పడును. మన తెలంగాణ జిల్లాలలో సంవత్సరమంతటికి పడేది సాధారణముగా అందులో సగమే. జూలై, ఆగస్టులలో ఇక్కడి గాలిలో తేమ తరచు 80 నుండి 90 శాతము ఉండును. అట్టి గాలిలో మన ఊరి అలవాటు ప్రకారము పెట్టెను గట్టిగా మూసినచో, లోపలి చెమ్మను మనమే తాళము వేసి దాచినట్లగును.

బూజు అనగా ఏమి?

బూజు మరక కాదు, మురికి కాదు. అది ప్రాణమున్న వస్తువు. పుట్టగొడుగు ఏ జాతిదో బూజును ఆ జాతిదే. దీనిని శిలీంధ్రము అందురు. దీని విత్తులు కంటికి కానరానంత సూక్ష్మముగా ఉండి గాలిలో ఎల్లప్పుడు తిరుగుచుండును. అవి లేని ఇల్లు లేదు, లేని మగ్గాల కార్ఖానా లేదు. కనుక విత్తును రాకుండ ఆపుట ఎవరి తరము కాదు. అయితే విత్తు మొలకెత్తుటకు మూడు కావలెను: తిండి, వెచ్చదనము, నీరు.

తిండి మన బట్టలోనే ఉన్నది. గంజి, చెమట, నూనె చుక్క, దుమ్ము, చివరకు నూలు కూడ తిండియే. వెచ్చదనము మన ఊరి గాలిలోనే ఉన్నది. 25 నుండి 30 డిగ్రీల వేడి దానికి మిక్కిలి అనుకూలము. ఈ రెండును మన చేతిలో లేవు. మిగిలినది నీరు ఒక్కటే. దానికి బిందెడు నీరు అక్కరలేదు, గాలిలోని తేమ చాలును. తేమ 65 శాతము లోపల ఉన్నంతవరకు బట్ట మీద బూజు సామాన్యముగా పెరుగదు. 70 దాటి వారాల తరబడి నిలిచినచో మెల్లగా మొదలగును. 80 దాటినచో త్వరగా పెరుగును. పూర్తిగా తడిసిన బట్ట ముద్దగా పడియున్నచో రెండు రోజులు చాలును.

బూజు నూలును తినునా అని కొందరు అడుగుదురు. తినును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ మహాసముద్రములోని సోలమన్ దీవులలో అమెరికా సైన్యమువారి నూలు గుడారములు, బట్టలు కుళ్ళి చినిగిపోయినవి. శాస్త్రజ్ఞులు పరిశోధించి, అందుకు కారణమైన బూజులలో ఒకదానిని వేరుచేసినారు. దానికి తరువాత ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టినారు. అది నూలు పోగులోని సెల్యులోజును కరగించే రసమును విడుచును. ఈనాడు జీన్సు గుడ్డకు వెలిసిన రంగు తెచ్చుటకు, నూలు గుడ్డ మీది నూగు తీయుటకు ప్రాసెసింగ్ మిల్లులలో వాడే ఎంజైములలో కొన్నిటిని ఆ జాతి బూజునుండియే తయారు చేయుదురు. మిల్లువాడు లెక్క ప్రకారము, గంటల లెక్కన చేయించుకొనే పనిని మన పెట్టెలో బూజు లెక్క లేకుండ, నెలల తరబడి చేయును. మరక పోవచ్చునేమో గాని, తినివేసిన పోగు తిరిగి రాదు.

నూలు నీరు త్రాగును

నేతపని వారికి ఈ విషయము కొత్త కాదు. వానకాలములో నూలు బరువు పెరుగునని మనకు తెలుసు. 65 శాతము తేమగల గాలిలో 100 కిలోల పొడి నూలు సుమారు 8.5 కిలోల నీటిని పీల్చుకొనునని ప్రమాణముగా లెక్కింతురు. పట్టు 11 కిలోలు, విస్కోసు 13 కిలోలు పీల్చును. పాలియెస్టరు మాత్రము అర కిలో కూడ పీల్చదు. గాలిలో తేమ పెరిగిన కొలది నూలు, పట్టు ఇంకను ఎక్కువ త్రాగును.

పాలియెస్టరు బట్టకు బూజు భయము లేదని అనుకొనరాదు. ఆ పోగును బూజు తినలేదు, నిజమే. కాని పోగు మీది సైజింగు, నూనె, దుమ్ము తిని మరక వేయును. పాలియెస్టరు నూలుతో కలిసిన గుడ్డలో నూలు భాగము పాడగును.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నూలు పడుగు తెగకుండ నేయుటకు మగ్గాల శాలలో 75 నుండి 85 శాతము తేమ ఉండవలెనని అందురు. అనగా మగ్గమునకు మేలు చేసే తేమయే పెట్టెకు కీడు చేయును. మగ్గము నడచుచున్నప్పుడు పోగు కదలుచుండును, గుడ్డ దినదినము చుట్టబడి వెళ్ళిపోవును. గనుక అక్కడ బూజునకు తీరిక దొరకదు. అదే గుడ్డ అదే శాల మూలలో నెల రోజులు పడియున్నచో బూజునకు ఇల్లు దొరికినట్లే. కాబట్టి నేసే చోటు, నిలువ చేసే చోటు వేరు వేరుగా ఉండవలెను. ఇల్లు, శాల ఒక్కటైన కుటుంబములవారు కనీసము ఒక గోడ అయినను అడ్డముండునట్లు చూచుకొనవలెను.

గోడ ఎందుకు చెమర్చును?

వెచ్చని గాలి ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు, చల్లని గాలి తక్కువ మోయును. 30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 25 డిగ్రీల వద్ద 23 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు మాత్రమే. ఇప్పుడు లెక్క వేయుడు. మన గదిలో గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతము. అనగా అందులో 24 గ్రాముల ఆవిరి ఉన్నది. వాన దెబ్బ తగిలే గోడ 25 డిగ్రీలకు చల్లబడినది. ఆ గోడను తాకిన గాలి 23 గ్రాములే మోయగలదు. మిగిలిన గ్రాము నీటి చుక్కలై గోడ మీద, గోడకు ఆనిన ఇనుప బీరువా వెనుక రేకు మీద కూర్చుండును. కప్పు కారలేదు, గోడ పగులలేదు, అయినను బీరువా వెనుక తడి. చాలమంది ఇంటి యజమానిని నిందించే చెమ్మలో కొంత భాగము ఇదియే.

ఇంటిలో మనమే కొంత ఆవిరి పుట్టింతుము. అన్నము వండుట, నీళ్ళు కాచుట, తడి బట్టలు గదిలో ఆరవేయుట, ఒకే గదిలో ఆరుగురు పడుకొనుట, ఇవన్నియు గాలిలోనికి నీటిని చేర్చును. కిటికీ మూసిన గదిలో ఆ ఆవిరికి దారి లేదు.

గంజి సంగతి

బూజు అన్నిటికంటె ముందు వచ్చేది గంజి మీదికి. బియ్యపు గంజి, మొక్కజొన్న పిండి, చింతగింజల పొడి, ఏది పెట్టినను బూజునకు విందు భోజనమే. కోరా గుడ్డ తెల్లగా ఉతికిన గుడ్డకంటె త్వరగా పాడగుటకు కారణము ఇదియే.

ఈ పాఠమును ఒకప్పుడు ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులవారు చాల ఖర్చుతో నేర్చుకొన్నారు. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము వలన పత్తి కరువైనది. నూలు తగ్గించి బరువు చూపుటకై పడుగునకు పిండి, చీనామట్టి దట్టముగా పట్టించుట పెరిగినది. ఆ కోరా గుడ్డ ఓడ అడుగున వారాల తరబడి ప్రయాణము చేసి మన దేశపు రేవులకు చేరునప్పటికి మూటలకు బూజు పట్టెడిదని తగవులు వచ్చినవి. బూజు రాకుండ గంజిలో జింకు క్లోరైడు కలుపుట వాడుకయైనది. దానివలన మరియొక చిక్కు వచ్చినది. గంజి కడుగకుండ ఆ గుడ్డను ఎక్కువ వేడికి గురిచేసినచో ఆమ్లము పుట్టి పోగు బలము పోవును. కాబట్టి మందు కలిపితిమి గదా అని నిశ్చింతగా ఉండరాదు. సైజింగువారు ఏదైన మందు కలిపినచో, ఆ సంగతి ప్రాసెసింగ్ వారికి తెలియవలెను. పని మొదలుపెట్టుటకు ముందే అడిగి చీటీ మీద వ్రాయించుకొనుడు.

ఇంటిలో పాటించవలసినది మాత్రము సులభము. వానకాలములో నిలువ పెట్టే బట్టకు గంజి పెట్టరాదు. గంజి పెట్టినది ఉన్నచో ఉతికి, గంజి పోగొట్టి, ఆరబెట్టి దాచవలెను. కట్టుకొను రోజున గంజి పెట్టుకొనవచ్చును.

తేమ కొలుచుట

తేమ కొలిచే చిన్న యంత్రములు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నవి. ప్రతి సంఘపు సరుకు గదిలో ఒకటి ఉండవలెను. 65 అంకె వద్ద ఎర్ర గీత గీయుడు. ఇంటికి యంత్రము కొనలేనివారికి వంటింటి ఉప్పే యంత్రము. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతము దాటినప్పుడు నీరు కారును. పొడి ఉప్పు ఒక చెంచాడు చిన్న గిన్నెలో పోసి బీరువా మూలలో ఉంచి మరునాడు చూడుడు. తడిసి ముద్దయైనచో మీ బట్టలు అపాయములో ఉన్నట్లు. గళ్ళ ఉప్పు ఇంకను ముందే చెమ్మగిల్లును గనుక అది తొందరపడి భయపెట్టును, అంతే. ఉప్పు గిన్నె బట్టకు, ఇనుమునకు తగులరాదు. చూచిన వెంటనే తీసివేయవలెను.

ఇంటి బీరువాకు చేయవలసినవి

1. బీరువాను గోడకు నాలుగు వ్రేళ్ళ ఎడముగా జరుపుడు. కాళ్ళ క్రింద ఇటుకలు పెట్టుడు. వాన కొట్టే నైరుతి, పడమటి గోడలకు కాక లోపలి గోడకు పెట్టుట మంచిది.

2. బట్టలను కుక్కరాదు. నాలుగు వంతులలో మూడు వంతులే నింపుడు. అరకు, అరకు మధ్య గాలి ఆడవలెను. చెక్క బీరువా అయినచో వెనుక పలకకు పైన, క్రింద కొన్ని రంధ్రములు వేయించుడు.

3. ఒకసారి కట్టి విడిచిన బట్టను ఉతుకకుండ లోపల పెట్టరాదు. చెమట కంటికి కనబడకపోయినను బూజునకు తెలియును.

4. ఇస్త్రీ చేసిన బట్టను ఆవిరి పోయి చల్లారిన తరువాతనే మడిచి పెట్టుడు.

5. ముసురు పట్టిన ఉదయమున బీరువా తెరచి గాలి పెట్టుట వలన లాభము లేదు. తడి గాలియే లోపలికి పోవును. వాన తెరపియిచ్చిన రోజున, మధ్యాహ్నము 12 నుండి 4 లోపల, గాలిలో తేమ తక్కువగా ఉండును. ఆ వేళ తలుపులు తెరచి, పంఖా దానివైపు త్రిప్పి ఒక గంట ఉంచుడు.

6. పట్టుచీరలను ప్లాస్టిక్ సంచిలో కట్టరాదు. ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టుడు. రెండు మూడు నెలలకొకసారి మడత మార్చుడు. లేనిచో జరీ ఒకే మడత మీద విరుగును.

7. తేమ పీల్చే పొట్లములు అంగళ్ళలో దొరకును. కాల్షియం క్లోరైడు పొట్లము నీరైనప్పుడు పారవేయవలెను. ఆ నీరు బట్ట మీద ఒలుకరాదు. సిలికా జెల్ గుళికలను వేడిచేసి మరల వాడుకొనవచ్చును. ఈ పొట్లములు మూసిన పెట్టెలోనే పని చేయును. తలుపు సందులున్న బీరువాలో నాలుగు రోజులకే నిండిపోవును.

8. పూర్వము కాల్చిన సున్నపురాళ్ళను చట్టిలో పెట్టేవారు. ఒక కిలో మంచి సున్నపురాయి 300 గ్రాములకు పైగా నీటిని పట్టును. పని చేయు మాట నిజమే గాని, దాని మీద నీరు పడినచో విపరీతముగా వేడెక్కి నిప్పు అంటుకొనవచ్చును, కండ్లు పోవచ్చును. పిల్లలున్న ఇంట వద్దు.

నాఫ్తలీను గోళీల గురించి ఒక మాట. అవి పురుగులకు మందు, బూజునకు కాదు. కర్పూరము, వేపాకు కూడ అంతే. గోళీల వాసన ముక్కిన వాసనను కప్పివేసి, బూజు వచ్చిన సంగతి మనకు తెలియకుండ చేయును. జరీకి అవి తగులరాదు. మరియు గోళీలలో ఉంచిన బట్టలను ఉతికి ఎండబెట్టకుండ పసిబిడ్డకు చుట్టరాదు. పుట్టుకతో జి6పిడి అను ఎంజైము లోపమున్న బిడ్డలకు ఆ వాసన వలన రక్తకణములు విరిగి తీవ్రమైన కామెర్లు రాగలవు. ఏ బిడ్డకు ఆ లోపమున్నదో ముందుగా మనకు తెలియదు.

సరుకు గదికి, మగ్గాల శాలకు

తానులను నేల మీద పెట్టరాదు. జానెడు ఎత్తు చెక్క బల్లల మీద పేర్చవలెను. గోడకు మూరెడు ఎడము, వరుసకు వరుసకు మధ్య మనిషి పట్టు దారి ఉండవలెను. కప్పు కారునన్న భయమున్నచో ప్లాస్టిక్ పట్టాను తానుల మీద కాక, వాటికి పైన తాడు కట్టి పందిరివలె వేయుడు. ప్రక్కలు తెరచియుంచుడు. నేను ఆనాడు చేయవలసినది ఇదియే.

ముందు వచ్చిన తాను ముందు పోవలెను. ప్రతి తాను మీద మగ్గము నుండి దింపిన తేదీ వ్రాయుడు. వానకాలములో వారమునకొకసారి అడుగు వరుసలో ఒక తాను విప్పి వాసన చూడుడు. కంటికి చుక్క కనబడకముందే ముక్కునకు తెలియును.

తడిపిన పేక కండెలు ఆనాటికి ఆనాడే నేయవలెను. కరెంటు పోయి, లేక సెలవు వచ్చి మిగిలినచో బుట్టలో ముద్దగా వదలక పరచి ఆరబెట్టుడు. మార్కెట్టు మందగించి మగ్గము నిలిచిపోయినచో, సైజింగు చేసిన బీము మీద కూడ బూజు రాగలదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు మగ్గములు ఉన్నవి ఉన్నట్లే నిలిచినవి, తరువాత జూన్ వాన వచ్చినది. అట్టి కాలమునకు ముందే చేయవలసిన పని: మగ్గము మీది గుడ్డను కోసి దింపుట, బీమును ఆరిన నూలు గుడ్డతో కప్పుట, మగ్గము క్రింది నూలు దూది ఊడ్చివేయుట. ఆ దూది చెమ్మను పట్టి ఉంచును.

జాబ్ వర్కు చేయువారికి ఇది మరింత ముఖ్యము. నూలు వ్యాపారిది, గుడ్డ వ్యాపారిది, కాని బూజు పట్టినచో నష్టము మాత్రము నేసినవానిది. బూజు తగిలిన కోరా గుడ్డ తరువాత రంగు సమముగా పట్టదు. గనుక కొనువాడు తిరస్కరించుటలో తప్పు పట్టలేము. నూలు తీసుకొనునప్పుడే పెట్టె విప్పి, కోన్లు చెమ్మగా ఉన్నవేమో చూచి, ఉన్నచో అక్కడే చీటీ మీద వ్రాయించుకొనుడు.

బూజు పట్టిన తరువాత

మొదట ముక్కునకు, నోటికి మాస్కు కట్టుకొనుడు. బట్టను ఇంటిలో దులుపరాదు. దులిపినచో విత్తులు గదియంతట పడును. మెల్లగా చుట్టి బయటికి తీసికొనిపోయి, ఎండలో ఆరనిచ్చి, తరువాత మెత్తని బ్రష్షుతో దులుపుడు. ఉబ్బసము, దగ్గు ఉన్నవారు ఈ పనికి దూరముగా ఉండవలెను. మగ్గాల దుమ్ము ఇదివరకే పీల్చిన ఊపిరితిత్తులకు ఇది రెండవ దెబ్బ.

తెల్లని నూలు బట్ట అయినచో వేడినీళ్ళు, సబ్బుతో ఉతికి మంచి ఎండలో వేయుడు. మరక మిగిలినచో బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణము తగినంత నీటిలో కలిపి వాడి, బాగుగా జాడించవలెను. రంగు బట్ట అయినచో ముందు లోపలి అంచు మూలలో ఒక చుక్క పరీక్షించి చూడుడు. పట్టు, ఉన్ని, జరీ బట్టలకు బ్లీచింగ్ ఎన్నడును వద్దు. అది పట్టును కరగించును. వాటిని నీడలో ఆరబెట్టి, దులిపి, బూజు సంగతి చెప్పి డ్రై క్లీనింగ్ వానికి ఇయ్యుడు. బ్లీచింగ్‌ను ఆమ్లముతో గాని, మరుగుదొడ్డి కడిగే మందుతో గాని, అమ్మోనియాతో గాని ఎన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టును.

తరువాత ఖాళీ బీరువాను సబ్బు నీటితో తుడిచి, పూర్తిగా ఆరనియ్యుడు. గోడ మీది బూజును సబ్బుతో రుద్ది కడిగి, ద్రవ బ్లీచింగ్ ఒక గ్లాసుకు 16 గ్లాసుల నీళ్ళు కలిపి తుడువవచ్చును. ఆ వేళ కిటికీలు తెరచియుంచుడు. కారే పైపును, పగిలిన గోడను బాగుచేయకుండ బూజు మీద రంగు వేయుట డబ్బు దండుగ. గోడ బాగుపడి ఆరిన తరువాత సున్నము వేయుట మంచిది. సున్నపు క్షారము బూజునకు గిట్టదు.

వరద నీరు తగిలిన బట్ట సంగతి వేరు. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రూజ్ వద్ద 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన నమోదైనది. ఈ ప్రాంతమున అనేక పల్లపు పేటలు నీట మునిగినవి. అట్టి నీటిలో మురుగు కలిసియుండును. తడిసిన తానులను, బట్టలను ముందు మంచినీటితో కడిగి, 24 గంటలలో, మించినచో 48 గంటలలో ఆరబెట్టవలెను. ఆలోగా ఆరనిది బూజు పాలగును. అన్నిటిని ఒక్కసారి ఆరబెట్ట చోటు లేనప్పుడు ముందు పట్టు, తరువాత రంగు నూలు, తరువాత తెల్ల నూలు, చివర పాలియెస్టరు, ఈ వరుసలో చూచుకొనుడు. తడిసిన రంగు బట్టలను ఒకదానిపై ఒకటి పెట్టినచో రంగు అంటును.

కార్తెల వారీగా పని

రోహిణి కార్తెలో, అనగా మే చివరి వారము మొదలు జూన్ మొదటి వారము వరకు, ఎండ ఉండగానే పెట్టెలు, బీరువాలు ఖాళీ చేసి బట్టలన్నిటిని ఆరబెట్టుడు. తెల్లవి ఎండలో, రంగువి, పట్టువి నీడలో. కప్పు, కిటికీ, గోడ పగుళ్ళు ఈ రోజులలోనే బాగుచేయించుడు.

మృగశిర ప్రవేశించిన తరువాత వారమునకొకసారి ఉప్పు గిన్నె పరీక్ష. ఎండ వచ్చిన మధ్యాహ్నమున బీరువా తెరచుట.

శ్రావణములో పండుగలు వచ్చును. కట్టి విడిచిన పట్టును మరునాడే నీడలో ఆరవేసి, చెమట ఆరిన తరువాతనే మడువవలెను. మన చీరలకు ఎక్కువ నష్టము జరిగేది పండుగ మరునాడే. 2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ రోజు సభకు కట్టిన చీరకును ఇదే నియమము.

హస్త, చిత్త కార్తెలలో, అనగా సెప్టెంబరు చివర, అక్టోబరులో, వాన వెళ్ళి మంచి ఎండ వచ్చును. దసరా, దీపావళి లోపల మరల ఒకసారి అన్నియు తీసి ఆరబెట్టుడు. సంవత్సరమునకు ఈ రెండు ఆరవేతలు తప్పనివాని ఇంట బూజు బలపడదు.

మా సరుకు గది ఇప్పుడు కూడ ఆ పాత గదియే. గోడలు అవే, వానలు అవే. చెక్క బల్లలు వేసినాము, గోడకు ఎడము ఇచ్చినాము, ఒక పంఖా, ఒక తేమ యంత్రము పెట్టినాము, తలుపు మీద వారపు పరీక్ష కాగితము అంటించినాము. ఆనాటినుండి బూజు వలన ఒక్క తాను కూడ వెనుకకు రాలేదు. ఆసు పోసే అవ్వ అప్పుడప్పుడు వచ్చి తలుపు తోసి చూచి, "ఊపిరాడుతుందా?" అని అడుగును. మీ మీ ఇండ్లలో బీరువా తలుపు తెరచి మీరును ఒకసారి అదే ప్రశ్న అడిగి చూడుడు.